గోధుమవన్నె మేఘము: కొలిచినదెంత, ఊహించినదెంత?

1999వ సంవత్సరము జనవరి మొదలు మార్చి వరకు హిందూ మహాసముద్రముపై ఒక గొప్ప క్షేత్రపరిశోధన జరిగినది. దాని పేరు ఇండోయెక్స్. వీరభద్రన్ రామనాథన్, పాల్ క్రట్జెన్ గారలు దీనికి నాయకులు. మన సాగర్ కన్య మొదలైన ఓడలు, విమానములు, ఉపగ్రహములు, మాల్దీవులలోని కాషిధూ దీవియందలి పరిశీలనకేంద్రము, ఇవన్నియు ఏకకాలములో ఆ ప్రాంతపు గాలిని పరీక్షించినవి.

చలికాలమున గాలి భూభాగము నుండి సముద్రము వైపు వీచును. ఆ గాలితో పాటు దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశముల పొగయు మసియు భూమధ్యరేఖను దాటి, సుమారు 6 డిగ్రీల దక్షిణ అక్షాంశము వరకు వ్యాపించినట్లు తేలినది. ఆ కణములలో దాదాపు 80 శాతము మానవుల పనుల వలన పుట్టినవే. సల్ఫేటు కణములు సూర్యరశ్మిని చెదరగొట్టును. మసి దానిని పీల్చుకొనును. అందుచేత ఉత్తర హిందూ మహాసముద్రతలమును చేరవలసిన సూర్యశక్తి చదరపు మీటరుకు సుమారు 20 వాట్లు తగ్గినదనియు, రమారమి అంత శక్తియే పైగాలిని వేడిచేసినదనియు శాస్త్రజ్ఞులు లెక్కగట్టినారు. ఇంత విశాల ప్రదేశమున ఇన్ని సాధనములతో పని చేసి ఈ ఫలితమును రాబట్టుట సామాన్యమైన విషయము కాదు.

చిక్కు తరువాత వచ్చినది. 2002లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమము ఈ పొగతెరను గురించి ఒక నివేదికను ప్రకటించినది. దానికి 'ఏషియన్ బ్రౌన్ క్లౌడ్', అనగా ఆసియా గోధుమవన్నె మేఘము అని పేరు పెట్టినది. వర్షములు, పంటలు, ఆరోగ్యము, వీటన్నిటిపై దాని ప్రభావమును అందులో చర్చించినారు. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన జె. శ్రీనివాసన్, సులోచనా గాడ్గిల్ గారలు అదే సంవత్సరము 'కరెంట్ సైన్స్' పత్రికలో ఈ నివేదికను తీవ్రముగా విమర్శించినారు.

విమర్శకు ఆధారము లేకపోలేదు. మొదటిది కాలమునకు సంబంధించినది. ప్రధానమైన కొలతలు జరిగినవి మూడు నెలలు మాత్రమే. అవియు వానలు లేని నెలలు. జూన్‌లో నైరుతి ఋతుపవనములు సముద్రము నుండి భూమి వైపు వీచును. వాన కణములను కడిగివేయును. కనుక చలికాలపు పొగతెర ఏడాది పొడవునా అట్లే నిలిచియుండునని తలచరాదు. దాని వలన వర్షపాతము ఇట్లు మారునని చెప్పినది గణితనమూనాయే గాని, ఓడమీది పరికరము కాదు.

రెండవది పద్ధతికి సంబంధించినది. వాతావరణము పైఅంచున ఉపగ్రహము చూచిన శక్తికిని, క్రిందితలమున కొలిచిన శక్తికిని గల తేడాను బట్టి నడుమనున్న గాలి వేడెక్కినదని నిర్ణయించినారు. ఇది సరియైన తర్కమే. అయినను నడిమి పొరలో నేరుగా కొలిచినదానితో ఇది సమానము కాదు.

మూడవది పేరుకు సంబంధించినది. పొగ అన్ని ఖండములలోను ఉన్నది. ఒక ఖండము పేరు తగిలించినచో శాస్త్రవిషయము నేరారోపణగా మారును. తరువాతి కార్యక్రమమునకు 'అట్మాస్ఫెరిక్ బ్రౌన్ క్లౌడ్', అనగా వాతావరణపు గోధుమవన్నె మేఘము అను పేరే స్థిరపడినది.

కొరతలు వాదముతో తీరవు. తిరిగి క్షేత్రమునకు పోయి కొలిచిననే తీరును. 2006 మార్చిలో మాల్దీవులలోని హనిమాధూ దీవి నుండి మానవరహితములైన మూడు చిన్న విమానములను ఒకదానిపైన ఒకటి ఎగురునట్లు పంపినారు. పొగతెరకు క్రిందను, లోపలను, పైనను సూర్యరశ్మిని ఒకేసారి కొలిచినారు. దిగువ వాతావరణము సూర్యరశ్మి వలన వేడెక్కుట పొగ మూలమున సుమారు 50 శాతము పెరుగునని 2007లో ప్రకటించినారు. రెండవ ఆక్షేపణకు ఇది తగిన సమాధానము.

మసి ఎక్కడిదను ప్రశ్నకు సమాధానము 2009లో వచ్చినది. బొగ్గు, పెట్రోలు కోట్ల సంవత్సరముల నాటివి కనుక వాటిలో కార్బన్-14 మిగులదు. కట్టెలలోను పిడకలలోను ఉండును. హనిమాధూలోను, పశ్చిమ భారతమునందలి సింహగఢ్‌లోను సేకరించిన మసిని ఈ విధముగా పరీక్షింపగా, అందులో సగము నుండి మూడింట రెండు వంతుల వరకు కట్టెలు, పిడకలు, పంట వ్యర్థముల వంటివి కాల్చుట వలన వచ్చినదని తేలినది.

విమర్శ వలన నివేదికలోని అత్యుక్తి బయటపడినది గాని, పొగ పోలేదు. ఋతుపవనముల సంగతి ఎట్లున్నను, పొయ్యి ముందు కూర్చున్న తల్లి ఊపిరితిత్తులలోనికి పోవు మసి హాని చేయుట నిశ్చయము. దానిని తగ్గించుటకు వర్షపాతపు లెక్కలు తేలువరకు ఆగనక్కరలేదు.

ఉపాధ్యాయులకు ఈ వృత్తాంతము మంచి పాఠము కాగలదు. వాతావరణమును గురించిన ఒక వార్తను విద్యార్థుల చేత చదివించి, పలకపై రెండు వరుసలు గీయించవలెను. ఒకదానిలో కొలిచిన సంగతులు, ఎక్కడ, ఏ నెలలో, ఏ సాధనముతో కొలిచినారో వ్రాయించవలెను. రెండవదానిలో వాటినుండి ఊహించిన సంగతులు వ్రాయించవలెను. ఇండోయెక్స్ కొలతలు మొదటి వరుసలో నేటికిని చెక్కుచెదరక నిలుచును. తగవు పుట్టినది ఎక్కువగా రెండవ వరుసలోనే.