సిద్ధబీజము: ఒక పరిభాషావిమర్శ

తెలుగు శాస్త్రపాఠ్యగ్రంథములు 'స్పోరు' అను మాటకు 'సిద్ధబీజము' అని వాడుచున్నవి. బూజునకు, ఫెర్నునకు చెల్లిన యీ మాటనే బాక్టీరియాకును వర్తింపజేసి, కణములోపల నేర్పడునది గనుక 'అంతస్సిద్ధబీజము' అనిరి. సమాసము నిర్దుష్టమే, అర్థము విచార్యము.

బీజమనగా మొలకెత్తి సంతతిని పెంచునది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల వరిసేద్య మెఱిగిన విద్యార్థికి ఈ యర్థము పుస్తకమున నేర్వవలసినది కాదు. వడ్లు నానబోసి, మండెకట్టి, నారుపోసి నాటినచో ఒక్క గింజ పిలకలు వేసి పెక్కు వెన్నులు తీయును. బాక్టీరియాలం దట్లు కాదు. సామాన్యముగా ఒక కణమునుండి ఒకే సిద్ధబీజము. అది మొలచిన మరల ఒకే కణము. సంఖ్య పెరుగదు. ఆహారము కొఱవడినపుడు ప్రాణము నిలుపుకొను ఉపాయమిది. ఎండుగడ్డి నానిన నీటిని మరగించినను ఇవి నశింపకుండుటను 1876లో ఫెర్డినాండ్ కోన్ వెల్లడించెను.

'మాతృకణము' అను మాటయు నిట్టిదే. బాసిల్లస్ సబ్టిలిస్ అను బాక్టీరియమున, ఆకలి సూచన ఫాస్ఫేటు రూపమున ఒక ప్రోటీనునుండి మఱియొకదానికి సంక్రమించి, తుదకు 'స్పోజీరోఎ' అను నియామక ప్రోటీనును మేల్కొల్పును. అంతట కణము నడుమ గాక ఒక కొనయొద్ద విభక్తమగును. చిన్నభాగము సిద్ధబీజమగును, పెద్దభాగమును మాతృకణ మందురు. కాని యవి రెండును ఒకే విభజనమున పుట్టిన తోబుట్టువులు. రెంటను ఉన్నది ఒకే జన్యుసంపుటి. భేదమంతయు ఏ జన్యువులు ఎప్పుడు పనిచేయుననుటలో నున్నది. దానిని నిర్ణయించునవి సిగ్మా ప్రోటీనులు. మొదట చిన్నదానిలో సిగ్మా-ఎఫ్, పిమ్మట పెద్దదానిలో సిగ్మా-ఇ, మరల చిన్నదానిలో సిగ్మా-జి, కడపట పెద్దదానిలో సిగ్మా-కె పనిచేయును. ఒకదాని సంకేతము నందుకొని రెండవది సాగును. పెద్దకణము చిన్నదానిని తనలో నిముడ్చుకొని, కవచములు తొడిగి, తాను పగిలి నశించును. పోషణచేతనే అది తల్లి, జన్మచేత గాదు. ఈ దోషము ఆంగ్లమూలముననే కలదు. మనము దానిని యథాతథముగ గ్రహించితిమి.

ఇది కేవలము మాటల తగవు కాదు. 1945లో వ్యవసాయ కళాశాల వెలసిన బాపట్లలో ఈ భేదము విద్యార్థికి నిత్యావసరము. బాసిల్లస్ తురింజియెన్సిస్ సిద్ధబీజమును నిర్మించుకొను వేళనే మాతృకణమున పురుగును చంపు ప్రోటీను స్ఫటికమగును. అట్టి ప్రోటీనుల జన్యువులు పెక్కింటిని నడపునవి సిగ్మా-ఇ, సిగ్మా-కె లే. పైరుపై చల్లు బి.టి. పొడిలో సామాన్యముగా సిద్ధబీజములును స్ఫటికములును ఉండును. 2002లో మన దేశమున అనుమతి పొందిన బి.టి. పత్తిలో చేర్చినది ఆ ప్రోటీను జన్యువును మాత్రమే, సిద్ధబీజమును గాదు. పత్తివిత్తనమును, బాక్టీరియా 'బీజము'ను ఒకే మాటతో తలచువానికి ఈ తారతమ్యము జాఱిపోవును.

కావున బాక్టీరియా విషయమున 'సుప్తకణము' అనుట మేలని నా యభిప్రాయము. రూఢమైన మాటను విడువరాదందురేని, దాని నిర్వచనమున మొదటి వాక్యమే 'ఇది సంతానము కాదు, ఆత్మరక్షణము' అని యుండవలెను.