రాయవాచకమున లేఖోపాయము

విజయనగర చరిత్రకు ఆకరములైన తెలుగు వచనగ్రంథములలో రాయవాచకమునకు ప్రత్యేకస్థానము కలదు. 1919లో ఎస్. కృష్ణస్వామి అయ్యంగారు తమ ఆకరసంకలనమున దీని భాగములను చేర్చినది మొదలు చరిత్రకారులు దీనిని విరివిగా వాడుకొనుచున్నారు. కృష్ణదేవరాయల (1509-1529) పాలనను, దండయాత్రలను వర్ణించు ఈ గ్రంథము విశ్వనాథనాయని స్థానాపతి తన ప్రభువునకు విన్నవించిన వార్తగా నడచును. అనగా గ్రంథమంతయు ఒక రాజకీయ విజ్ఞాపనమే. ఈ విజ్ఞాపనములో కథను మలుపు త్రిప్పునవి మరల లేఖలే. గజపతి సామంతులైన పదునాఱుగురు పాత్రులకు తిమ్మరుసు పంపిన లేఖల ఘట్టమది. దీనిని మంత్రి బుద్ధికుశలతకు నిదర్శనముగా చదువుట పరిపాటి. అంతకంటె ముఖ్యముగా ఇది తన సేనానులను నమ్మలేకపోయిన రాజు కథ యని చూపుట ఈ వ్యాసోద్దేశము.

ఘట్టము సంగ్రహముగా నిది. గజపతికి బలము ఆ పదునాఱుగురు పాత్రులు. వారు కలసియున్నంతవఱకు జయము దుర్లభమని గ్రహించి, అప్పాజీ వారి పేర లేఖలు వ్రాయించి, ధనము నింపిన పెట్టెలతో పంపెను. గజపతిని పట్టి యిచ్చుటకు వారు మునుపే ఒప్పుకొనినట్లును, దానికి ప్రతిఫలము పంపుచున్నట్లును ఆ లేఖల భావము. పెట్టెలు తెచ్చువారు గజపతి భటులకు చిక్కిరి, చిక్కవలెననియే పంపబడిరి. లేఖలు చదివిన గజపతి పాత్రులు తనకు ద్రోహము తలపెట్టిరని నమ్మి పలాయితుడయ్యెను. తుదకు కూతునిచ్చి సంధి చేసికొనెను.

ఈ కల్పనకు పూర్వరూపము సంస్కృతమున కలదు. విశాఖదత్తుని ముద్రారాక్షసమున చాణక్యుడు రాక్షసుని ముద్రతో ఒక లేఖ సృష్టించి, ఆభరణముల పేటికతో సిద్ధార్థకునిచే పంపి, అతడు పట్టుబడునట్లు చేయును. మలయకేతువు రాక్షసుని శంకించి, తనకు తోడైన రాజులనేవురను చంపించును. లేఖ, పేటిక, పట్టుబడు దూత అను మూడును ఉభయత్ర సమానములే. కాని భేదమొకటి గమనింపదగినది. చాణక్యునకు రాక్షసుని ముద్ర కావలసివచ్చెను. అప్పాజీకి ఎవరి ముద్రయు అక్కఱలేదు. అతడు పంపినది తన పక్షపు లేఖయే. దానిలో కపటమైనది అది సూచించు పూర్వపు ఒప్పందము మాత్రమే. వ్రాతను పరీక్షించినచో వ్రాత నిజమే. ముద్రను పరీక్షించినచో ముద్ర నిజమే. సత్యము తెలియుటకు మార్గమొక్కటే: పాత్రులను పిలిచి అడుగుట. గజపతి చేయని పని అదియే. కావున ఉపాయము ఫలించినది లేఖాబలము వలన కాదు, రాజునకును సేనానులకును నడుమ మాట లేకపోవుట వలన.

సేనానులకును అధికారమునకును నడుమ లేఖ చేయు పనికి చారిత్రకమైన సాదృశ్యము 17వ శతాబ్ది ఇంగ్లండున దొరకును. రాజునకును పార్లమెంటునకును జరిగిన యుద్ధమున, 1645 జూన్ 14న నేజ్‌బీ వద్ద మొదటి చార్లెసు లేఖలపెట్టె శత్రువుల చేజిక్కెను. పార్లమెంటువారు ఆ లేఖలను లండనులో బహిరంగముగా చదివించి, ముద్రింపించిరి. రాణికి వ్రాసినవి ప్రజలు చదివిరి. అదే దినమున సేనాని క్రామ్వెల్ సభాధ్యక్షుడైన లెంతాలునకు విజయవార్త వ్రాయుచు, దేశస్వేచ్ఛకై పోరాడినవారికి మతస్వేచ్ఛ నీయవలెనని చివర కోరెను. కామన్సు సభ ఆ లేఖను ప్రకటించునపుడు ఆ భాగమును తొలగించెను. 1647లో జీతపు బకాయిలు మొదలగు వాటికై సైనికులు సిద్ధపఱచిన విన్నపమును పార్లమెంటు రాజ్యశత్రువుల పనిగా నిందించెను. తుదకు 1648 డిసెంబరు 6న కర్నలు ప్రైడు సైనికులతో సభాద్వారమున నిలిచి సభ్యులను అడ్డగించెను. అచటి లేఖలు నిజమైనవి, ఇచటివి ఉపాయముగా పుట్టినవి. ఐనను ఒక పోలిక స్పష్టము. అచట సేనాని మాట కత్తిరింపబడెను. ఇచట సేనాని మాట అడుగబడనే లేదు.

రాయవాచకకర్తకు ఈ ప్రశ్నపై ఇంత ఆసక్తి యేల? రచనాకాలమే దీనికి సమాధానము. కృష్ణరాయలకు సమకాలికమైనట్లు తోచినను ఈ గ్రంథము 16వ శతాబ్ది చివర లేక 17వ శతాబ్ది మొదట మధుర నాయకుల ఆస్థానమున పుట్టినదని 1993లో ప్రకటితమైన ఆంగ్లానువాదమున ఫిలిప్ వాగొనర్ ప్రతిపాదించిరి. అప్పటికి 1565 నాటి పరాజయముతో విజయనగరము పాడైనది. నాయకులు మూలమున సేనానులు. సామ్రాజ్యమునకు సేనను సమకూర్చి, అందులకై భూములననుభవించినవారు. ప్రభుశక్తి సన్నగిల్లిన కాలమున వారి విశ్వాసమే శంకాస్పదమయ్యెను. అట్టి శ్రోతలకు పాత్రుల కథ పరాయిది కాదు.

గ్రంథకర్త గజపతిని వాచ్యముగా నిందింపలేదు, అప్పాజీనే మెచ్చెను కదా యని ఆక్షేపింపవచ్చును. నిజమే. కాని కథాసంవిధానము పాత్రులను నిర్దోషులుగా నిలిపినది. వారికి లేఖ చేరలేదు, ధనము అందలేదు. ద్రోహము జరుగకయే ద్రోహఫలము సిద్ధించెను. సేనానుల కొలువున ఉన్న రచయిత కథను ఇట్లు మలచుట యాదృచ్ఛికమనుట కష్టము.

ఉదయగిరి 1514లోను, కొండవీడు 1515లోను ముట్టడులచే లొంగినవి. ఆ విజయములకు శాసనములు సాక్ష్యమిచ్చును. లేఖల కథను ఆ సాక్ష్యముతో సమముగా తూచుట తగదు. కట్టుకథ యని త్రోసివేయుటయు తగదు. అది 1514 నాటి యుద్ధమునకు కాక, 1600 ప్రాంతపు రాజకీయభావనకు సాక్ష్యము. పరిశోధకుడు ఇట్టి గ్రంథమును చదువునపుడు లేఖ ఎవరి పేర ఉన్నది అనుదానితో తృప్తిపడక, అది ఎవరి చేత చదువబడుటకు వ్రాయబడినదని అడుగవలెను. విశ్వనాథనాయని పేర వెలసిన ఈ విజ్ఞాపనమునకు సైతము ఆ ప్రశ్న వర్తించును.