పట్టు విడిపించు బిళ్ళ

సంగము ఆనకట్ట నుండి వచ్చు పెన్న నీటితో నిండి, బుచ్చిరెడ్డిపాలెము చుట్టుపట్ల మాగాణికెల్ల ప్రాణాధారమైయున్న కనిగిరి జలాశయపు కట్టమీద, తెల్లవారకమునుపే యువకులు కొందఱు పరుగు సాధన చేయుచుందురు. వీరికి పరుగు వినోదము గాదు. పోలీసు కానిస్టేబులు ఎంపికలో పురుషులు 1600 మీటర్లను 8 నిమిషములలో ముగింపవలెను. సైన్యపు ర్యాలీలో అంతే దూరమునకు పూర్తి మార్కులు రావలెనన్నచో 5 నిమిషముల 30 సెకండ్లే గడువు. ఇట్టి ఒత్తిడిలో పిక్క పట్టినను, తొడ వెనుక నరము లాగినను, విశ్రాంతి కంటె మందుల అంగడియే ముందుగా జ్ఞప్తికి వచ్చుటలో వింత యేమున్నది?

మొన్న అట్టివాడొకడు తన జేబులోని బిళ్ళలను నాకు చూపించెను. అట్టనుండి కత్తెరతో కత్తిరించి యిచ్చిన రెండు బిళ్ళలవి. వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదను హెచ్చరికయు, మందు పేరులో మొదటి సగమును, అంగడిలోనే మిగిలిపోయినవి. ‘కోసైడ్’ అను తోక మాత్రము కనబడుచుండెను.

“పట్టేసినదానికి బిళ్ళ, అయివారూ. ఏసుకుంటే ఇట్టే ఇడిసిపోద్ది. కాకపోతే పొద్దున్నే కాళ్ళు నాయి కానట్టుగా ఉండాయి” అనెను.

ఆ కుఱ్ఱవాని మాటలో వైద్యశాస్త్రము చాలవఱకు ఇమిడియున్నది. థయోకోల్చికోసైడ్, క్లోర్‌జోక్సజోన్, టిజానిడిన్ అనునవి మన అంగళ్లలో విరివిగా దొరకుచు, తఱచుగా ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ వంటి నొప్పిమందుతో కలిసి ఒకే బిళ్ళగా వచ్చుచుండును. పిక్క పట్టును విడిపించునని మనమెంత నమ్మినను, వీని పని ప్రధానముగ జరుగునది పిక్కలో గాదు, మెదడునందును వెన్నుపామునందును. 1946లో ఫ్రాంక్ బెర్గర్ వెల్లడించిన మెఫెనెసిన్ ఈ వంశమునకు మూలపురుషులలో ఒకటి. పెన్సిలిన్ చెడకుండ నిలుపు పదార్థమును వెదకుచు, ఎలుకలు స్పృహ తప్పకయే మెత్తబడి పడియుండుటను ఆయన గమనించెను. ఆ పరిశోధనల నుండియే మనస్సును నెమ్మదింపజేయు మెప్రోబమేటును పిదప పుట్టెను. కండరపు మందును మత్తుమందును దగ్గఱి చుట్టములగుట చేతనే మగతయు, కన్ను మసకయు, అడుగు తడబాటును వచ్చుచున్నవి. బండివాడు కునుకు తీయుచుండగా ఎద్దులు ఇల్లు చేరినచో అది ఎద్దుల మంచితనమే గాని తోలిన నేర్పు గాదు. బిళ్ళ మ్రింగి కంకరకట్టపై పరుగెత్తి చీలమండ బెణకకుండ వచ్చినవాని సంగతియు నంతియే.

అన్నిటి స్వభావము ఒక్కటి గాదు. టిజానిడిన్ రక్తపుపోటును తగ్గించును గనుక, వంగి బూటుదారము కట్టుకొని దిగ్గున లేచినవానికి కండ్లు తిరుగవచ్చును. ఈ కోవకే చెందిన సైక్లోబెంజప్రిన్ దేహములో సగము తఱుగుటకే సుమారు 18 గంటలు పట్టును. రాత్రి వేసికొన్నది తెల్లవారుజామున కూడ రక్తములో నుండును. పైగా అది చెమటను తగ్గించు గుణము గలది. నెల్లూరు రోహిణికార్తెలో చెమట పట్టని దేహముతో పరుగెత్తుట యెంత ప్రమాదమో ఈ సీమవారికి నేను చెప్పనక్కఱలేదు. ఇక జోడుగా వచ్చు నొప్పిమందు, నీరు చాలని దేహములో మూత్రపిండములకు చేటు తేగలదు. థయోకోల్చికోసైడును నోటి ద్వారా 7 దినములకు మించి వాడరాదని ఐరోపా ఔషధసంస్థ 2013లోనే కట్టడి సూచించినది. మన అంగళ్లలో ఆ లెక్క అడుగువారరుదు.

ఈ మందులు సాధారణముగ క్రీడలలో నిషిద్ధములు గావు. (నొప్పికి వాడు ట్రమడాల్ మాత్రము 2024 నుండి పోటీలలో నిషిద్ధము.) నిషేధము లేనంతమాత్రమున పరుగునకు పనికివచ్చునని యెంచుట పొరపాటు. మెడ గాని నడుము గాని హఠాత్తుగా పట్టినప్పుడు వైద్యుడు కొలది దినములకు వ్రాసి యిచ్చుట, రోగి హాయిగా నిద్రించుట, ఇది వీని న్యాయమైన స్థానము. గాయపడిన కండరము బిగిసికొనుట కొన్ని వేళల దేహము తనకు తాను కట్టుకొను కట్టు. దానిని విప్పి, నొప్పిని కూడ అణచి, అదే కాలిపై వేగపు సాధన చేయించువానిని నేను గురువనలేను. పరుగుమధ్య పిక్క పట్టినప్పుడు, పాదమును మోకాటివైపు మెల్లగా లాగి పట్టుకొనుటయే తత్క్షణ చికిత్స. బిళ్ళ పనిచేయునప్పటికి ఆ పట్టు ఎప్పుడో విడిపోయియుండును.

కనుక బిళ్ళ వేసికొన్న దినమున, దాని మగత పూర్తిగా దిగువఱకు, వేగపు పరుగు మానవలెను, మోటారుసైకిలు కూడ తోలరాదు. ఈ కోవకే చెందిన బాక్లోఫెన్ వంటిది చాలనాళ్లుగా వాడుచున్నవారు ఎంపిక తేదీ దగ్గఱపడినదని తటాలున ఆపరాదు. మూర్ఛలు రావచ్చును, వైద్యుని యడిగి క్రమముగా తగ్గించుకొనవలెను. ఎండలో పరుగెత్తి వచ్చిన తరువాత కండరములు వాచి, మూత్రము ముదురు గోధుమవర్ణమున వచ్చినచో, మఱియొక బిళ్ళకై అంగడికి పోక ఆనాడే నెల్లూరు పెద్దాసుపత్రికి పోవలెను.