సమానం కాని విమానాలు, సమానమైన పోటీ

జెట్ యుద్ధాన్ని బల్లమీద ఆడేవాళ్లు అటు నాలుగు విమానాలు, ఇటు నాలుగు పెడతారు. పాయింట్లు కూడి, రెండు మొత్తాలూ కలిశాయి కాబట్టి పోటీ సమం అనుకుంటారు. తీరా మొదలుపెట్టాక మంచి క్షిపణి ఉన్నవాడు నాలుగు ఎత్తుల్లో ముగిస్తాడు. లేదంటే ఇద్దరూ ఒకరి తోక ఒకరు అందుకోవాలని గంటసేపు గిరగిరా తిరుగుతారు. అదే మన పులిజూదంలో మూడు పులులకు పదిహేను మేకలు. ఎవరి పని వారిదే, ఎవరి గెలుపు వారిదే. పాత గుళ్ల బండల మీద ఆ ఆట గీతలు చెక్కినవాళ్లకు పాయింట్ల పట్టికతో పనిపడలేదు.

అమెరికాలో 1977లో ఎస్‌పీఐ సంస్థ తెచ్చిన ‘ఎయిర్ వార్’, 1987లో జె.డి. వెబ్‌స్టర్ రూపొందించిన ‘ఎయిర్ సుపీరియారిటీ’ ఈ రకం ఆటలకు దారి వేశాయి. షడ్భుజి గళ్ల పటం, ప్రతి విమానానికీ వేగం, ఎత్తు, ఇంధనం రాసుకునే కాగితం, పాచికలు ఉంటే చాలు. రూల్సు వస్తే విమానం ఎగురుతుంది. ఆట రక్తి కట్టాలంటే మాత్రం ఘట్టాన్ని అల్లడం తెలియాలి.

అందుకు 1982 ఫాక్‌లాండ్స్ దీవుల యుద్ధాన్ని మించిన పాఠం నాకు కనిపించదు. కాగితం మీద అర్జెంటీనా మిరాజ్‌దే పైచేయి: శబ్దానికి రెండింతల వేగం దానిది. బ్రిటిష్ సీ హారియర్ మట్టంగా ఎగిరితే శబ్దవేగాన్ని కూడా అందుకోదు. కానీ మిరాజ్ సుమారు 700 కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి రావాలి. గాల్లో ఇంధనం నింపుకునే ఏర్పాటు దానికి లేదు. దీవుల మీద నిలిచేది కొద్ది నిమిషాలే, అదనపు వేగం కోసం ఆఫ్టర్‌బర్నర్ వేస్తే ఇంటికి చేరదు. మే 1న దెబ్బ తిన్నాక మిరాజ్‌లు హారియర్లతో మళ్లీ తలపడలేదు. కాబట్టి ఫైటర్‌కు ఫైటర్‌ను ఎదురు పెట్టి ఘట్టం రాస్తే అది ఆడకముందే తేలిపోతుంది.

మే 21ని తీసుకోండి. శాన్ కార్లోస్ అఖాతంలో బ్రిటిష్ సేనలు దిగుతున్నాయి. అర్జెంటీనా ఆటగాడికి రెండు దఫాలుగా ఆరు స్కైహాక్ దాడి విమానాలు ఇవ్వండి. బ్రిటిష్ ఆటగాడికి రెండే హారియర్లు, ఒక్కోదానికి రెండు సైడ్‌వైండర్ క్షిపణులు. విమానాలను కూల్చడం అర్జెంటీనా పని కాదు. ఓడల మీద బాంబు వేసి తిరిగి వెళ్తే చాలు.

ఇక్కడ ఎత్తు గురించి ఒక్క రూలు రాస్తే ఆట మొత్తం మారిపోతుంది. ఆనాడు ఓడల క్షిపణులను తప్పించుకోవడానికి అర్జెంటీనా పైలట్లు అలలను రాసుకుంటూ వచ్చారు. అంత కింద నుంచి వదిలిన బాంబుకు ఫ్యూజు సిద్ధమయ్యే వ్యవధి చాలలేదు. ఆంట్రిమ్, ఆర్గోనాట్ ఓడల్లో దిగిన బాంబులు పేలలేదు. ఆర్డెంట్ మీద పడినవాటిలో కొన్ని పేలాయి, ఆ ఓడ మునిగిపోయింది. అందుకే అట్టడుగున వస్తే ఓడల కాల్పుల నుంచి రక్షణ, కానీ పాచికలో 5 గానీ 6 గానీ పడితేనే బాంబు పేలాలి. ఒక మెట్టు పైకి వస్తే 2 నుంచి 6 దాకా ఏది పడినా పేలుతుంది, కాకపోతే ఓడలు కాల్చే వీలుంటుంది. ప్రతి దఫాలోనూ ఆటగాడు కాసేపు నోరెత్తడు చూడండి, ఎత్తు తేల్చుకోవడానికి.

హారియర్లకూ కళ్లెం ఉండాలి. ఎక్సోసెట్ క్షిపణుల భయంతో బ్రిటిష్ క్యారియర్లు తూర్పున దూరంగా ఉండేవి. కాబట్టి గస్తీ సమయం తక్కువ, ఆడే ఎత్తులు లెక్కపెట్టి ఇవ్వండి. కొండల నేపథ్యంలో కింద ఎగిరేవాటిని రాడార్ పట్టుకోలేదు. కంటితో కనిపెట్టడానికి పాచిక వేయించండి. సొంత ఓడలే కాల్చే ప్రమాదం ఉంది గనుక అఖాతం పైకి రానివ్వకండి. నాలుగు క్షిపణులూ మొదటి దఫా మీదే ఖర్చు పెడితే రెండో దఫాకు ఫిరంగులే దిక్కు.

రూలు ఎంత బాగా రాసినా పక్షాలు మార్చుకుని ఆడందే సమతూకం తేలదు. రెండుసార్లూ ఒకే పక్షం గెలిస్తే విమానాలు పెంచకండి. ముందు గస్తీ సమయాన్ని ఒక ఎత్తు అటో ఇటో జరపండి. వేలం పద్ధతి ఇంకా మేలు: హారియర్లు కోరేవాడు ఎన్ని ఎత్తుల ఇంధనం వదులుకుంటాడో చెప్పాలి, ఎక్కువ వదులుకున్నవాడికే ఆ పక్షం.

ఆ యుద్ధంలో గగనపోరులో ఒక్క సీ హారియర్ కూడా కూలలేదు. అయినా ఈ ఘట్టంలో నన్ను ఎంచుకోమంటే స్కైహాక్‌లే తీసుకుంటాను.