ఐదుకీ ఐదున్నరకీ మధ్య

"కొత్త తంబురా కొన్నారా?" అని వంటింట్లోంచి అడిగింది మా ఆవిడ, మంగళవారం సాయంత్రం.

నేను కొన్నది తంబురా కాదు. గిటారుకి వాల్వ్ యాంప్లిఫయరు, పదిహేను వాట్లది. ఆరేళ్లుగా వాయిదా వేస్తూ వచ్చి, చివరికి పోయిన నెల పెన్షన్ బకాయిలు చేతిలో పడగానే ఆర్డరిచ్చేశాను. పెట్టె విప్పి, గిటారు తగిలించి, స్విచ్ వేసి, వాల్వులు ఎర్రబడేదాకా ఓ నిమిషం ఆగి, స్టాండ్‌బై మీట పైకెత్తాను. నేనింకా తీగ ముట్టలేదు. అదే పాట అందుకుంది. జుమ్మని ఒకటే నాదం, ఊపిరి తీసుకోకుండా.

ఆవిడ ముప్ఫై ఏళ్లుగా పిల్లలకి సంగీతం చెబుతోంది. ఉక్రోషం కొద్దీ, "ఎంత శ్రుతో చెప్పు చూద్దాం," అన్నాను. గరిటె చేత్తో పట్టుకునే గుమ్మంలో నిలబడి విన్నది. "ఐదు. ఉహూఁ, ఐదుకి పిసరు పైన. ఐదున్నర మాత్రం కాదు," అని తీర్పు చెప్పి పోపు మాడుతోందని వెళ్లిపోయింది.

లెక్క చూస్తే ఆవిడ చెప్పిందే నిజం. మన దేశంలో కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దాన్ని డీసీ చేసే దగ్గర ఆ ఊపు రెట్టింపై 100 అవుతుంది. హార్మోనియం మీద ఐదు శ్రుతి, మంద్రంలో, 98. ఐదు నుంచి ఐదున్నరకి వెళ్లే దారిలో మూడో వంతు నడిచి ఆగితే 100. మన ఫ్రిజ్జులూ, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్లూ, గుళ్లో ట్యూబులైట్ల చోకులూ అన్నీ కలిసి పాడే శ్రుతి ఇదే. అమెరికాలో 60 కాబట్టి మా అమ్మాయి ఇంట్లో ఫ్రిజ్జు శ్రుతి వేరు. ఆరున్నరకీ ఏడుకీ సరిగ్గా నడిమధ్య. అక్కడికి వెళ్లినప్పుడల్లా ఆవిడకి మొదటి వారం సాధన కుదరదు. జెట్ లాగ్ అని మేము అనుకునేవాళ్లం.

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా జబ్బు తెలుసు. ఏ యంత్రం మొరాయించినా ముందు చెవి, తర్వాతే స్క్రూడ్రైవరు అంటాను. మిక్సీ బేరింగ్ గురించి రాశాను, సీలింగ్ ఫ్యాను గురించి రెండుసార్లు రాశాను. కరెంటు తగిలిన వాద్యం కర్ణాటక సంగీతానికి పనికిరాదనే వాళ్లకి, ఎలక్ట్రిక్ మాండలిన్ మీద ప్రపంచాన్నంతా కూర్చోబెట్టిన మన పాలకొల్లు శ్రీనివాస్ పేరు చెప్పి నోరు మూయించడం కూడా నా పాత అలవాటే. ఫ్యాను వ్యాసం చూసి రాజమండ్రి నుంచి ఒక పాఠకుడు, "అయ్యా, చెవులు సరే, ఒక మీటరు కొనుక్కోండి. డబ్బులు లేకపోతే నేనే పంపిస్తాను," అని కార్డు రాశారు. జవాబివ్వలేదు.

ఈసారీ చెవినే నమ్ముకున్నాను. రొద 50 అయితే దొంగ బయటివాడు. ఇంటి వైరింగో, ఎర్తో, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మరో. 100 అయితే ఇంటిదొంగ. ఏసీని డీసీగా మార్చాక మిగిలే అలల్ని చదును చేయాల్సిన ఫిల్టర్ కెపాసిటర్లు పని ఎగ్గొడుతున్నాయన్నమాట. కళ్లు మూసుకుని విన్నాను. మరీ అడుక్కి దిగిన నాదం కాదది, మంద్రంలో ఐదు దగ్గర నిలబడి ఉంది. 100, అనుమానం లేదు. కొత్త యాంప్‌లో పుచ్చు కెపాసిటర్లు. ఈ కాలంలో తయారయ్యే వస్తువుల మీద నాకున్న అభిప్రాయాలు మీకు కొత్త కాదు. అమ్మిన దుకాణానికి ఫోన్ చేసి వాటన్నిటినీ వరసగా వినిపించాను. అవతలి కుర్రాడు ఓపిగ్గా విని, "తీసుకురండి సార్, చూద్దాం," అన్నాడు. పద్దెనిమిది కిలోల పెట్టె. తీసుకురండట.

ఫోన్ పెట్టేసి కూర్చుంటే రేడియో బాబాయి గుర్తొచ్చాడు.

మా బాపట్లలో డెబ్బైల్లో రేడియో అంటే ఇంకా చాలా ఇళ్లలో వాల్వ్ రేడియోనే. పైన కుట్టుపని గుడ్డ, దాని మీద వెంకటేశ్వరస్వామి పటం. స్విచ్ వేశాక విజయవాడ కేంద్రం పలకడానికి అరనిమిషం పట్టేది. అది మూగబోతే దుప్పట్లో చుట్టి రిక్షాలో పెట్టుకుని బాబాయి కొట్టుకి తీసుకెళ్లేవాళ్లం. కిళ్లీ బడ్డీ పక్కన ఒక్క మనిషి కూర్చునే గది. సోల్డరింగ్ పొగలోంచి గుగ్గిలం వాసన. గోడకి బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ల వాల్వుల అట్టపెట్టెలు, అగ్గిపెట్టెల్లా పేర్చి ఉండేవి. ఆయన రేడియోని వెంటనే విప్పేవాడు కాదు. స్విచ్ వేసి, తల ఓ పక్కకి వాల్చి వినేవాడు. చప్పుళ్లన్నిటికీ ఆయన పెట్టుకున్న పేర్లుండేవి. ఒకటి తుమ్మెద, అంటే ఇప్పుడు నా యాంప్ పాడుతున్న ఈ జుమ్మనే రొదే. ఒకటి పోపు, అంటే చిటపట, ఎక్కడో సోల్డరు వదిలిందనో కంట్రోలు నాబ్‌లో దుమ్ము చేరిందనో గుర్తు. ఒకటి పడవ, డబడబమని లాంచీ ఇంజనులా కొట్టుకునేది. ఇంకోటి వాన. "ఇది వానరా అబ్బాయ్, దీనికి మందు లేదు," అనేవాడు సన్నటి బుస వినిపిస్తే.

తర్వాత చెవి మీది పెన్సిలు తీసి వాల్వుల్ని ఒక్కొక్కటిగా సుతారంగా తట్టేవాడు. మంచి వాల్వు టుక్కుమని ఊరుకుంటుంది. చెడ్డది స్పీకర్లోంచి స్టీలు గ్లాసులా ఖంగుమంటుంది. లోపలి గ్రిడ్డు తీగ వదులై, తనకి తగిలిన అదురునంతా మైకులా పట్టి పాడేస్తుంది. పన్నెండేళ్ల కుర్రాడికి అంతకంటే మంత్రవిద్య ఏముంటుంది? నా చెవి పిచ్చికి మూలం ఆ కొట్టే.

గిటారు యాంప్లిఫయరు కూడా పుట్టింది అలాంటి కొట్లలోనే. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో 1938లో రేడియో రిపేరు దుకాణం తెరిచిన లియో ఫెండర్, చివరిదాకా గిటారు వాయించడం నేర్చుకోలేదు. ఆయన బాస్‌మన్ యాంప్‌ని ఎదురుగా పెట్టుకుని అరవైల మొదట్లో లండన్లో తన మొదటి యాంప్ చేయించిన జిమ్ మార్షల్ డ్రమ్ముల మనిషి. రాక్ సంగీతపు గొంతుని తయారుచేసిన ఇద్దరికీ గిటారు రాదు. ఈ మాట చెప్పినప్పుడల్లా మా ఆవిడ నావైపు అదోలా చూస్తుంది.

బుధవారం పెన్సిలు పట్టాను. తుమ్మెద కాక నా యాంప్‌లో రెండో చప్పుడు కూడా ఉంది. ఐదో తీగ మీటినప్పుడల్లా వెనక ఎవరో గిన్నె జారవిడిచినట్టు ఖంగుమంటోంది. వెనక జాలీలోంచి చేయి పెట్టి తట్టాను. మూడు చిన్న వాల్వుల్లో ఇన్‌పుట్ పక్కనున్న మొదటిది గుడిగంటలా మోగింది. మొదటి వాల్వు చేసే ఏ చప్పుడైనా తర్వాతి మెట్లన్నీ ఎక్కి వందల రెట్లవుతుంది. అందుకే అందులో కాస్త వదులున్నా సహించకూడదు. స్విచ్ ఆపి, చల్లారనిచ్చి, దాన్నీ అదే రకానికి చెందిన మూడోదాన్నీ అటుదిటు మార్చాను. గిన్నె చప్పుడు పోయింది. చెవికి ఒక మార్కు. (చేయి పెట్టమన్నది వాల్వుల దాకానే. అడుగున ఉన్న చాసిస్ విప్పొద్దు. ప్లగ్గు పీకేశాక కూడా ఆ కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలవ ఉండొచ్చు.)

తుమ్మెద మాత్రం వదల్లేదు.

శుక్రవారం పైవాటాలో అద్దెకుంటున్న వాళ్లబ్బాయి దిగొచ్చాడు. ఇంజనీరింగ్ మూడో ఏడు, కాలేజీ బ్యాండులో వాయిస్తాడు. "అంకుల్, ఈ సౌండ్ మా రూములోకి కూడా వస్తుంది," అన్నాడు మర్యాదగానే. కెపాసిటర్ల గురించి పది నిమిషాల ఉపన్యాసం ఇచ్చాను. మొత్తం విని, వంగి, యాంప్‌లోంచి గిటారు కేబుల్ పీకాడు.

నిశ్శబ్దం.

"యాంప్‌ల ఏం లేదంకుల్. దాని సొంత హమ్మయితే కేబుల్ తీసినా ఉండాలి గదా."

నాలుగు రోజులుగా నేను చేయని పని అది. మళ్లీ గుచ్చాడు, తుమ్మెద వచ్చింది. తీగల మీద అరచెయ్యి ఆనించాడు, సగానికి తగ్గింది. తగ్గగానే చెయ్యి వెనక్కి లాక్కుని, "షాక్ కొడుతుంది అంకుల్," అన్నాడు. అప్పుడే గచ్చు తుడిచారు, వాడి కాళ్లకి చెప్పుల్లేవు. వేళ్లకి చీమలు పాకినట్టుండటం నాకు మంగళవారం నుంచీ తెలుసు. కొత్త తీగలు కదా అనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

వాడు పైకెళ్లి ప్లగ్గులాంటి ఓ బుల్లి వస్తువు తెచ్చాడు. మూడు పిన్నులు, మూడు దీపాలు. సాకెట్లో పెట్టి, దీపాలు చూసి, "ఎర్తే లేదంకుల్," అన్నాడు. హాల్లో పెట్టాడు, వంటింట్లో పెట్టాడు, గీజరు దగ్గర పెట్టాడు. ఇల్లంతటికీ లేదు.

మరి నా 100 ఏమైంది? వాడు వెళ్లాక తీరిగ్గా ఆలోచిస్తే అర్థమైంది. ఎర్తు లేని పెట్టె ఒంటికి కరెంటు కాస్త ఊరుతూ ఉంటుంది. దాని నేల పేరుకే నేల, అసలు నేలకీ దానికీ సంబంధం లేదు. ఆ ఊరిన కరెంటు 50దే. కానీ గిటారు స్పీకరు ఉజ్జాయింపుగా 75 కిందకి దిగి గట్టిగా పాడలేదు. 50ని మింగేసి, దాని పై స్థాయి 100ని, ఆ పై వాటిని మాత్రమే బయటికి పంపింది. స్వరం చెవికి సరిగ్గానే అందింది, స్థాయి అందలేదు. సా ఏ స్థాయిలో ఉన్నా సాయే. ఏ బావిలోంచి వస్తోందో దాన్ని అడిగితే చెప్పదు. రోజుకి పది మంది పిల్లలకి మా ఇంట్లోనే చెప్పే పాఠం ఇది.

ఆ రాత్రి రేడియో బాబాయి మళ్లీ గుర్తొచ్చాడు. ఈసారి పెన్సిలు లేకుండా. దుప్పటి విప్పకముందే, రేడియో బల్ల మీద పెట్టకముందే, మా నాన్నని ఆయన అడిగే మొదటి మాట ఒకటుండేది. "ఎర్తుకి నీళ్లు పోస్తున్నారా?"

వాల్వ్ రేడియోల వెనక రెండు బొక్కలుండేవి, ఒకటి ఏరియల్‌కి, ఒకటి ఎర్తుకి. పెరట్లో బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి పాతిన గొట్టానికి రెండో తీగ కట్టేవాళ్లు. ఎండాకాలం నేల ఎండితే ఆ ఎర్తు ఉన్నా లేనట్టే. మా నాన్న సాయంత్రం మల్లెపాదుకి నీళ్లు పోస్తూ ఒక చెంబు అందులో కూడా ఒంపేవాడు. రేడియో బాబాయి కొట్టుకి వచ్చిన వాటిలో చాలా రేడియోలు ఆ ఒక్క ప్రశ్నతోనే వెనక్కి తిరిగి ఇంటికెళ్లిపోయేవి. తల వాల్చి వినడం, పెన్సిలు తట్టడం మిగిలిన వాటికి. యాభై ఏళ్లుగా నేను పెన్సిలుని దాచుకుని చెంబుని పారేశాను. దాని మీద ఎన్ని కాలమ్‌లు రాశానో లెక్క కూడా లేదు.

శనివారం ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మీటరు బోర్డు నుంచి తీగ పట్టుకుని వెళితే అది పార్కింగ్ టైల్స్ కింద మాయమైంది. ఆరేళ్ల క్రితం టైల్స్ వేయించినప్పుడు ఎర్తు గుంత మూత మీదుగా సిమెంటు పోసేశారు. నిలబడి చేయించింది నేనే. నాలుగు టైల్స్ లేపితే ఎండి బూడిదైన మట్టి, తుప్పు పట్టి తెగిపోయిన ఇనపతీగ కనిపించాయి. ఆరేళ్లుగా గీజరూ, వాషింగ్ మెషీనూ, ఫ్రిజ్జూ అన్నీ నేల లేకుండానే నడుస్తున్నాయి. అవి జుమ్మనవు కాబట్టి ఎవరికీ తెలియలేదు. పద్దెనిమిది కిలోల పెట్టె ఒక్కటే నోరు తెరిచి చెప్పింది. దాన్నే నేను తిట్టాను. దుకాణం కుర్రాడికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. "పర్లేదు సార్," అన్నాడు, అలవాటైనట్టు.

పెళ్లి ఆర్కెస్ట్రాల వాళ్లకి ఒక మాట. రెండు పెట్టెలు చెరో సాకెట్లో ఉంటే ఎర్తు రెండు దారులై కూడా హమ్ వస్తుంది. అప్పుడు ఎర్తు పిన్ను పీకేస్తే చప్పుడు పోతుందన్నది నిజమే. కానీ 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో, స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వే వేదిక మీద, జనం చూస్తుండగా, ఎర్తు సరిగా లేని మైకు ముట్టుకుని ప్రాణం పోగొట్టుకున్నాడు. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలించండి. పిన్ను జోలికి మాత్రం వెళ్లొద్దు.

కొత్త గొట్టం, కొత్త తీగ, కొత్త ఉప్పూ బొగ్గూ పడ్డాయి. ఇప్పుడు తుమ్మెద దాదాపు లేదు. మిగిలిన కాస్త నా గిటారు పికప్‌ది. ఒంటి కాయిల్ కాబట్టి యాంటెన్నాలా గాలిలోది పట్టేస్తుంది, కుర్చీ పక్కకి తిప్పుకుని కూర్చుంటే తగ్గుతుంది. అది కూడా వద్దనుకునేవాళ్ల కోసమే గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో రెండు కాయిళ్లని ఒకదానికొకటి వ్యతిరేకంగా కలిపి, ఒకదాని రొదని రెండోదానితో కొట్టివేయించాడు. వాన మాత్రం ఉంది. దానికి మందు లేదన్న బాబాయి మాటని బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్, నైక్విస్ట్ 1928లోనే లెక్కకట్టి చూపించారు. వేడి ఉన్నంతసేపు ప్రతి రెసిస్టరూ బుసకొడుతుంది.

ఈ ఆదివారం మీ ఇంటి ఎర్తు గుంత ఎక్కడుందో వెతకండి. కనిపిస్తే ఒక చెంబుడు నీళ్లు పోయండి. కనిపించకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, గీజరు వేయడానికి ముందే. రాజమండ్రి పాఠకుడికి: ఆ మీటరు పంపించండి. అడ్రసు పత్రిక ఆఫీసులో ఉంది.