గాలపాగోస్ నాగజెముడు: హెర్బేరియం నమూనాలు

ఈక్వడార్ తీరానికి పడమరగా దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న గాలపాగోస్ దీవుల్లో నాగజెముడు అన్నిచోట్లా ఒకేలా పెరగదు. శాంటాక్రూజ్ దీవిలో అది లావుపాటి మానుతో 12 మీటర్ల దాకా ఎదిగే చెట్టు. పెద్ద తాబేళ్లు, నేల ఇగ్వానాలు లేని ఉత్తరపు దీవుల్లో మాత్రం నేలబారు పొద. ముళ్లు కూడా మెత్తన. ఈ తేడాలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి ఆధారం హెర్బేరియం నమూనాలు, అంటే ఎండబెట్టి కాగితపు షీట్లకు అతికించి భద్రపరిచిన మొక్కలు.

చార్లెస్ డార్విన్ ప్రయాణించిన బీగిల్ నౌక ఈ దీవులకు చేరింది 1835 సెప్టెంబరులో. అక్కడి నాగజెముడుకు ఒపన్షియా గాలపాగియా అని 1837లో శాస్త్రీయ నామం పెట్టినవాడు డార్విన్ గురువు జాన్ హెన్‌స్లో. డార్విన్ కొన్ని ఫించ్ పక్షుల విషయంలో ఏది ఏ దీవిదో రాసుకోలేదు. మొక్కలను మాత్రం చాలావరకు దీవులవారీగా విడదీసి ఉంచాడు. వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ ఒక దీవి మొక్కలను మరో దీవి మొక్కలతో పోల్చగలిగింది అందువల్లే. తర్వాత 1905–06లో కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ యాత్రలో ఆల్బన్ స్టూవర్ట్ విస్తృతంగా సేకరించి, 1911లో దీవుల వృక్షసంపదపై గ్రంథం వెలువరించాడు.

నాగజెముడును షీటుకెక్కించడం కష్టమైన పని. ఆకులా కనిపించే దళసరి పత్రాభకాండం నిండా నీరు, జిగురు ఉంటాయి. దాన్ని పట్టకారుతో పట్టుకుని, బల్లపరుపు ముఖానికి సమాంతరంగా నిలువునా రెండుగా చీలుస్తారు. లోపలి గుజ్జును చెంచాతో గీకేసి, ముళ్ల కుదుళ్లు చెదరకుండా పైతోలును మిగులుస్తారు. ఆల్కహాల్‌లోనో మరిగే నీటిలోనో ముంచి కణాలను చంపాలి. లేకుంటే ప్రెస్సులో కాగితాల మధ్య నలుగుతూ కూడా అది చాలాకాలం బతికే ఉంటుంది. బూజు పట్టకుండా కాగితాలు తరచూ మార్చాలి. పువ్వును నిలువుగా కోసి విప్పి ఆరబెడతారు. గింజలను చిన్న పొట్లంలో వేసి షీటుకు అతికిస్తారు. బరువైన ముక్కలకు జిగురు ఒక్కటే చాలదు కాబట్టి దారంతో కుడతారు.

ఇంత చేసినా పన్నెండు మీటర్ల చెట్టు ఒక్క కాగితంలో ఇమడదు. ఇమడనిదంతా లేబుల్ మీదికి రావాలి: దీవి, స్థలం, సముద్రమట్టం నుంచి ఎత్తు, తేదీ, సేకర్త పేరు, సేకరణ సంఖ్య, మొక్క ఎత్తు, మాను ఉందా లేదా, తాజా పువ్వు రంగు. ఎండాక రంగు మారిపోతుంది. మాను ఆకారం ముక్కను చూసి తెలియదు.

1971 నాటి వర్గీకరణ ఈ దీవుల నాగజెముళ్లను ఆరు జాతులుగా విడదీసింది. ఆ తర్వాతి జన్యు పరిశీలనలు వాటి మధ్య తేడా స్వల్పమేనని చూపాయి. ఇలా అభిప్రాయం మారినప్పుడు పాత లేబుల్ తీసేయరు; కొత్త నిర్ధారణను మరో చీటీ మీద రాసి పక్కన అతికిస్తారు. పేరు ఎన్నిసార్లు మారినా నమూనా అదే.

ఈ నమూనాలు సంరక్షణకూ పనికొస్తాయి. ఎస్పన్యోలా దీవిలో మేకలు నాగజెముడును విపరీతంగా మేశాయి. 1978 నాటికి ఆ మేకలను పూర్తిగా తొలగించారు. అలాంటి చోట్ల మునుపు మొక్క ఎక్కడెక్కడ ఉండేదో పాత షీట్లు సాక్ష్యం చెబుతాయి. దీవి పేరు, తేదీ లేని షీటుకు ఆ సాక్ష్యం చెప్పే శక్తి లేదు. నాగజెముడు నమూనాలో ఎండిన ముక్క సగమే. మిగతా సగం లేబుల్.