ఇంటి బల్ల మీద ఆస్ట్రేలియా వైన్: రుచి చూడటం, మార్కులు వేయడం

ఆస్ట్రేలియాలో వైన్‌కు మార్కులు వేసే పద్ధతి వ్యవసాయ ప్రదర్శనల్లో పుట్టింది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి వ్యవసాయ సంఘాలు పశువులకు, ధాన్యానికి బహుమతులిచ్చిన వేదికల మీదే ద్రాక్షతోటల యజమానులు తెచ్చిన వైన్‌ను కూడా పరీక్షించి పతకాలు ఇవ్వసాగాయి. ఏ తోటదో, ధర ఎంతో తెలియకుండా అంకె మాత్రమే వేసిన గ్లాసులను న్యాయనిర్ణేతల ముందుంచడం, వారు ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వారి చేత రాయించడం ఆ వేదికల మీద క్రమంగా స్థిరపడిన నియమాలు. నాలుగైదు ప్రాంతాల సీసాలను కాగితం సంచుల్లో దాచి, మిత్రులు బల్ల చుట్టూ కూర్చుని మార్కులు వేసుకునే ఇంటి పరీక్ష ఆ నియమాల నుంచే వచ్చింది. పైకి వినోదంలా కనిపించినా ఇది ముక్కును, నాలుకను శ్రద్ధగా వాడటం నేర్పే శిక్షణ. అంతేకాక, పోటీ వేదిక చేయలేని ఒక పనిని ఇల్లు చేయగలదు.

చాలాకాలం అమల్లో ఉన్న లెక్క 20 మార్కులది. రంగుకు, తేటదనానికి 3, వాసనకు 7, నోటిలోని రుచికి 10 మార్కులుంటాయి; 15.5 వస్తే కంచు, 17 వస్తే వెండి, 18.5 వస్తే బంగారు పతకం. ఇటీవలి కాలంలో పోటీలు 100 మార్కుల లెక్కకు మారి 85, 90, 95 మార్కులను ఆ మూడు పతకాలకు హద్దులుగా పెట్టుకున్నాయి గానీ, కొత్తగా నేర్చుకునేవారికి పాత లెక్కే మేలు, ఎందుకంటే మార్కు ఎక్కడ పోయిందో అది చెప్పిస్తుంది. రుచికిచ్చే 10 మార్కుల్లో పులుపు, తీపి, వగరు, ఆల్కహాల్ వేడి, చిక్కదనం, ఉమ్మిన తర్వాత కూడా రుచి నోటిలో నిలిచే సేపు, ఇవన్నీ చేరతాయి. వగరుకు మూలం ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి, ఓక్ పీపాల నుంచి దిగే టానిన్ అనే పదార్థం. అది లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకోవడం వల్లనే నోరు ఆరిపోయినట్టు అనిపిస్తుంది. వీటిలో ఏ ఒక్కటి ఎక్కువగా ఉందన్నదానికి కాక, ఒకటి మరొకదాన్ని అణచకుండా ఎంత పొందికగా ఉన్నాయన్నదానికే మార్కులు పడాలి.

పరీక్షకు ముందు ఇంటిని సిద్ధం చేసుకోవడం ముఖ్యం. తాలింపు ఘాటు, అగరువత్తుల పొగ, మల్లెపూలు, అత్తరు ఉన్న గదిలో ఏ వైన్ వాసనా నిజంగా తెలియదు. అందరి గ్లాసులూ ఒకే ఆకారంలో ఉండాలి; అంచు దగ్గర సన్నబడే గ్లాసైతే వాసన లోపలే నిలుస్తుంది. తెల్ల వైన్ 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఎర్ర వైన్ 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి, వేసవిలో ఎర్ర వైన్‌ను కూడా కొంతసేపు ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. తేలికపాటివి ముందు, చిక్కనివి తర్వాత, తియ్యనివి చివర పోయాలి. ఒక్కొక్కటి 50 మిల్లీలీటర్ల చొప్పున ఆరు రకాలు మింగితే ఆస్ట్రేలియా లెక్కలో సుమారు మూడు స్టాండర్డ్ డ్రింకులు, అంటే 30 గ్రాముల ఆల్కహాల్, ఒంట్లోకి చేరుతుంది. చివరి గ్లాసుకు మార్కులు వేసే మనిషి తెలివిలో ఉండాలంటే ఉమ్మడానికి ఒక పాత్ర పెట్టుకుని, దాన్ని సిగ్గుపడకుండా వాడటమే పద్ధతి.

ఏ రకాలు ఎంచుకోవాలన్నదానికి ఆ దేశపు భూగోళమే దారి చూపిస్తుంది. సౌత్ ఆస్ట్రేలియాలోని క్లేర్ లోయ రీస్లింగ్ పదునైన పులుపుతో, నిమ్మతొక్క వాసనతో నోటిని శుభ్రం చేస్తుంది కాబట్టి మొదట పోయడానికి తగినది. బిరడాలో పుట్టే ఒక రసాయనం వైన్‌కు తడిసిన అట్టపెట్టె వాసన పట్టించి పాడుచేయడంతో విసిగి, ఆ లోయ తయారీదారులు కొందరు 2000 సంవత్సరపు పంట నుంచి కలిసికట్టుగా మరమూతలకు మారారు. మరమూత చౌక సరుకుకు గుర్తనే అపోహ ఆస్ట్రేలియా వైన్ల విషయంలో పూర్తిగా తప్పు.

తర్వాత రావలసినది హంటర్ లోయ సెమియాన్. సిడ్నీకి ఉత్తరాన ఉన్న ఈ లోయలో వేసవి వేడి, తేమ ఎక్కువ. అందుకే కాయలను తీపి పూర్తిగా ఎక్కకముందే కోసి, ఓక్ పీపా తగలనివ్వకుండా, 10 లేదా 11 శాతం ఆల్కహాల్‌తో వైన్ చేస్తారు. కొత్తగా తీసినప్పుడు అది నీళ్లంత పలచగా, పులుపు తప్ప మరేమీ లేనట్టుగా ఉంటుంది. అదే సీసా పదేళ్లు నిలవ ఉంటే బంగారు రంగుకు తిరిగి, కాల్చిన రొట్టె, తేనె వాసనలు సంతరించుకుని, ఓక్‌లో పెంచారేమోనని అనుభవజ్ఞులను సైతం భ్రమింపజేస్తుంది. కొత్తదీ పాతదీ పక్కపక్కన పోసి, రెండూ ఒకే ద్రాక్ష అని చెప్పకుండా మార్కులు వేయించడం ఇంట్లో చేయదగిన పరీక్షల్లో అత్యుత్తమమైనది.

ఎర్ర వైన్లలో కూనవారా కాబర్నే సావిన్యోన్‌ను, బరోసా షిరాజ్‌ను తప్పనిసరిగా చేర్చాలి. కూనవారాలో సున్నపురాయి మీద పరుచుకున్న ఎర్రమట్టి నుంచి వచ్చే కాబర్నేలో వగరు గట్టిగా ఉంటుంది, తరచుగా పుదీనా ఛాయ తగులుతుంది. బరోసా కథ వేరు. ద్రాక్ష వేళ్లను తినే ఫిలాక్సెరా అనే పురుగు యూరప్ తోటలను నాశనం చేసి 1877లో విక్టోరియాలోని జిలాంగ్‌లో బయటపడినా, కఠినమైన నిషేధాల వల్ల సౌత్ ఆస్ట్రేలియాలోకి రాలేకపోయింది. అందువల్ల 1840ల నాడు నాటిన షిరాజ్ తీగలు కొన్ని బరోసాలో నేటికీ సొంత వేళ్ల మీదే కాస్తున్నాయి.

షిరాజ్‌లో కనిపించే మిరియాల వాసనకు రొటండోన్ అనే పదార్థం కారణమని ఆస్ట్రేలియా వైన్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2008లో ప్రకటించారు. అది నిజమైన మిరియాల్లోనూ ఉన్నదే. బరోసా వంటి వేడి ప్రాంతాల్లో కంటే విక్టోరియాలోని చల్లటి కొండ ప్రాంతాల షిరాజ్‌లో ఎక్కువగా ఉంటుంది. ఆ పరిశోధనలో పాల్గొన్నవారిలో సుమారు ఐదో వంతు మందికి ఆ వాసన బొత్తిగా తెలియలేదు. ఒకే గ్లాసుకు ఒకరు 18, మరొకరు 15 వేసినప్పుడు ఎవరో ఒకరికి రుచి తెలియదని తేల్చేయడం ఎంత తొందరపాటో దీన్నిబట్టి అర్థమవుతుంది. మార్కులను సగటు చేసి ఒక్క అంకెకు కుదించడం కంటే, తేడా ఎక్కడ వచ్చిందో చర్చించుకోవడం వల్లే ఎక్కువ తెలుస్తుంది.

ఆ చర్చకు చక్కని ఆకృతినిచ్చినవాడు ఆస్ట్రేలియాకు వలస వచ్చి అక్కడి వైన్‌కు ప్రచారకుడైన లెన్ ఎవాన్స్. ఆయన ప్రచారంలోకి తెచ్చిన ఆప్షన్స్ అనే ఆటలో, ఆతిథ్యమిచ్చేవారు గుర్తు తెలియని వైన్ పోసి, ఇది ఆస్ట్రేలియాదా ఫ్రాన్స్‌దా, బరోసాదా కూనవారాదా, ఐదేళ్లు దాటిందా లేదా అని ఒక్కొక్క ప్రశ్నకు రెండు మూడు జవాబులిచ్చి ఎంచుకోమంటారు. కొత్తవారికి కూడా ఊహించే అవకాశం ఉంటుంది కాబట్టి పండితుల మధ్య వారు మౌనంగా కూర్చోవలసిన అవసరం రాదు.

పోటీ వేదికకు ఉన్న లోపం తొందర. ఒక్క రోజులో వందకు పైగా వైన్లు రుచి చూసే న్యాయనిర్ణేతకు గట్టిగా, తియ్యగా, ఓక్ వాసనతో ఉన్నవి ముందుగా ఆకట్టుకుంటాయి. నెమ్మదిగా విచ్చుకునేవి వెనకబడతాయి. పెన్‌ఫోల్డ్స్ సంస్థలో మాక్స్ షూబర్ట్ 1951లో ప్రయోగంగా మొదలుపెట్టిన గ్రేంజ్ అనే షిరాజ్ వైన్‌ను తొలిసారి రుచి చూసిన పెద్దలు తిరస్కరించారు, 1957లో దాని తయారీనే ఆపమని యాజమాన్యం ఆదేశించింది. షూబర్ట్ మూడేళ్లపాటు రహస్యంగా తయారీ కొనసాగించాడు; ఈలోగా మొదటి సీసాలు పరిపక్వమై అభిప్రాయాలు మారడంతో 1960లో మళ్లీ అనుమతి వచ్చింది. నేడు అది ఆ దేశపు అత్యంత ప్రసిద్ధమైన వైన్. ఇంటికి ఇటువంటి తొందర లేదు. మొదటి మార్కులు రాశాక అదే వైన్‌ను భోజనంతో మళ్లీ చూడవచ్చు, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు మూడోసారి చూడవచ్చు. ముందురోజు ఘనంగా తోచిన షిరాజ్ మర్నాటికి చప్పబడటం, 15 దగ్గర ఆగిన కాబర్నే 17కు ఎక్కడం తరచూ జరిగేదే. కారం ఆల్కహాల్ వేడిని రెట్టింపు చేస్తుంది కాబట్టి తెలుగు భోజనం పక్కన 15 శాతం షిరాజ్ కంటే కాస్త తీపి మిగిల్చిన రీస్లింగ్ నిలబడుతుంది. ఇదీ పోటీ వేదిక మీద తేలే విషయం కాదు.

2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చిన భారత-ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందం, సీసా ధర 5 అమెరికన్ డాలర్లు దాటిన ఆస్ట్రేలియా వైన్ల మీద అప్పటిదాకా 150 శాతంగా ఉన్న దిగుమతి సుంకాన్ని తగ్గించడం మొదలుపెట్టింది గనుక, మెల్‌బోర్న్, సిడ్నీ నగరాల తెలుగు ఇళ్లకే కాక హైదరాబాదు ఇళ్లకూ ఈ పరీక్ష మునుపటికంటే అందుబాటులోకి వచ్చింది. ఎక్కడ చేసినా, సీసా మీద అచ్చువేసిన వర్ణనలను నోటుపుస్తకంలోకి ఎత్తి రాయవద్దు. ఎన్నడూ తినని బ్లాక్‌కరెంట్ పేరు రాసుకుంటే ఆర్నెల్ల తర్వాత అది ఏ రుచినీ గుర్తు చేయదు. షిరాజ్‌లో నేరేడుపండు, కాబర్నేలో పచ్చి జామకాయ వగరు, ఎండిన ద్రాక్షతో చేసి పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచే రూథర్‌గ్లెన్ మస్కట్‌లో తాటిబెల్లం తోచితే, మార్కు పక్కన ఆ మాటలే రాసుకోవాలి.